దూరపు చదువులు నునుపు

తల్లీ దూరవిద్యా! నీ మహిమ నాకు మొదటిరోజే తెలిసొచ్చింది. తెనాలిలో మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పోస్టుమాన్ పుస్తకాల పార్సిలు మోసుకొచ్చి, గుమ్మంలో దభీమని దించి, నడుం మీద చెయ్యేసుకుని "ఏంటండీ ఇది, ఇటుకలా?" అన్నాడు. ఆయన మెట్లు దిగాక కాటా మీద పెట్టి చూశాను. నాలుగు కిలోల ఎనిమిది వందలు. కట్టు విప్పి పైనున్న పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే బరువులు ఎత్తే సరైన పద్ధతి. మోకాళ్లు వంచాలి, నడుం వంచకూడదు, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. పోస్టుమాన్ మూడూ తప్పే చేశాడు. విద్యార్థి పుస్తకం తెరవకముందే ప్రాక్టికల్స్ జరిపించే విశ్వవిద్యాలయం ఇంకెక్కడైనా ఉందా? అదీ వేరేవాడి నడుం మీద!

నిన్ను పొగడాలని చాలా రోజులుగా ఉంది. ఆ విద్యకు మావైపు గురువులున్నారు. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటితే అవతల దివిసీమ. అక్కడి పెదప్రోలు కాసుల పురుషోత్తమ కవిగారిది. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును శతకం పొడుగునా దెప్పుతూనే కొలిచినవాడు. ఆయన తిట్టులో పొగడ్త దాచాడు. నాకంత పాండిత్యం లేదు, ఉన్నదున్నట్టు పొగుడుతాను. ఎక్కడైనా చేదు తగిలితే అది కృష్ణ నీళ్ల దోషమనుకో.

నేను రేపల్లె దగ్గర ఒక రొయ్యల షెడ్డులో లెక్కలు రాస్తాను. షెడ్డు పేరు చెప్పను, అక్కడి ఉప్పు తింటున్నాను. పొద్దున తెనాలిలో ప్యాసింజరెక్కితే వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె. అక్కడితో పట్టాలే అయిపోతాయి. నా చదువు కూడా డిగ్రీ దగ్గర అలాగే అయిపోయింది. నలభై దాటాక మళ్లీ పుస్తకం పట్టానంటే నీ చలవే. ఇది మాత్రం వేళాకోళం కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పెట్టింది మనవాళ్లే. అంబేద్కర్ పేరు దానికి తర్వాత వచ్చింది. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో ఇంకొకటి వచ్చింది. పిల్లల్ని పడుకోబెట్టాక, నైట్ డ్యూటీ దిగాక చదువుకుని పట్టా తెచ్చుకున్నవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. నేను చేరింది ఆ రెండిట్లో దేంట్లోనూ కాదు. ఎందులోనని అడగొద్దు. కోర్సు పేరు మాత్రం చెబుతాను, ఊపిరి బిగబట్టండి: పని స్థలాల ఎర్గోనామిక్స్, భద్రత, ఆరోగ్యాల్లో పోస్టు గ్రాడ్యుయేట్ డిప్లొమా.

ఎర్గోనామిక్స్ అంటే పనికి తగ్గట్టు మనిషిని వంచడం కాదు, మనిషికి తగ్గట్టు పనిని అమర్చడం. ఆ మాటను 1857లో పోలండ్ పండితుడు యస్త్రెంబోవ్‌స్కీ పుట్టించాడట. ఈ సంగతి నేను చదివినప్పుడు రేపల్లె ప్యాసింజర్ తలుపు దగ్గర ఒంటికాలి మీద ఉన్నాను. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో పుస్తకం, రెండో కాలి మీద ఎవరిదో కూరగాయల గంప. సాయంత్రం పాఠాలు మంచం మీద. గోడకు దిండు, దిండుకు వీపు, పొట్ట మీద సెల్‌ఫోను, అందులో నీ వీడియో పాఠం. తెర కంటి ఎత్తులో ఉండాలని ఆ పాఠంలోనే మేడం చెప్పింది. నేను గడ్డం గుండెకు ఆనించి శ్రద్ధగా విన్నాను. రెండో సెమిస్టరు సగంలోకి వచ్చేసరికి మెడ పట్టేసింది. మెడనొప్పి పాఠాన్ని మెడనొప్పితో చదివితే ఎంత బాగా ఒంటబడుతుందో మామూలు కాలేజీ పిల్లలకేం తెలుసు?

మెడ పట్టుకుని తెనాలిలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. షుగరుందా అన్నాడు, బీపీ ఉందా అన్నాడు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. రోగి దగ్గర కూర్చున్న వైద్యుడు అడగాల్సిన ప్రశ్నల్లో "నీ వృత్తి ఏమిటి?" అన్నది కూడా చేర్చమని ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు 1700లోనే పుస్తకం రాసి చెప్పాడు. మూడువందల పైచిలుకు ఏళ్ల కిందటి మాట. ఇటలీ నుంచి తెనాలికి రావాలిగా, దారిలో ఉండి ఉంటుంది. ఇందులో నీ తప్పేమీ లేదు తల్లీ. నువ్వు ఆయన పేరు, పుట్టిన ఊరు, పుస్తకం అచ్చయిన ఏడాది నాచేత బట్టీ వేయించావు. అయిదు మార్కులు వచ్చాయి.

ఇక కాంటాక్ట్ తరగతులు. ఆదివారాలు బాపట్లలో. బాపట్ల మామూలు ఊరా? 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు, 1945 నుంచి వ్యవసాయ కళాశాల నడుస్తున్న ఊరు. మా తరగతులు మాత్రం ఒక బడిలో, ఎనిమిదో తరగతి గదిలో. బెంచీలు పదమూడేళ్ల పిల్లల కొలతలవి. మేం ముప్ఫై ఒక్కమందిమి. అందరికీ మీసాలో, పుస్తెలో, రెండో నంబరు కళ్లద్దాలో ఉన్నవాళ్లం. మోకాళ్లు బల్లకు తగిలి లోపలికి దూరవు. అడ్డంగా తిరిగి కూర్చుంటే కాళ్లు నడవలోకి వస్తాయి. పాఠం చెప్పే సారు నడుస్తూ నడుస్తూ వాటికి తట్టుకుంటాడు. జారిపడటం, తట్టుకు పడటం అనే ప్రమాదాల పాఠం ఆ రోజు ఎంత సహజంగా సాగిందో!

ఆ రోజే సారు బోర్డు మీద కుర్చీ బొమ్మ గీశాడు. వీపుకు ఆనుడు, చేతికి ఆనుడు, పాదాలు నేలకు, మోకాలి దగ్గర 90 డిగ్రీలు. గీస్తూ గీస్తూ ఒక చెయ్యి నడుం మీదికి పోనిచ్చాడు. చొక్కా కింద బెల్టు ఉంది, పంచె కట్టు కోసం పెట్టుకునేది కాదు, ఎముకల డాక్టరు రాసేది. పదేళ్లుగా నిలబడి పాఠాలు చెబుతున్నాడట. ఆ గదిలో మాస్టారికి కుర్చీ లేదు.

మాలో తెలివైనవాడు ఒక్కడే. వేటపాలెం నుంచి వచ్చే పెద్దాయన, జీడిపప్పు కార్ఖానాలో సూపర్‌వైజరు. మొదటి ఆదివారమే చంకలో దిండు పెట్టుకుని దిగాడు. బెంచీ మీద దిండు వేసుకుని, దాని మీద తువ్వాలు పరుచుకుని, మహారాజులా కూర్చున్నాడు. మేమంతా నవ్వాం. మధ్యాహ్నానికి ఆ దిండు కోసం వంతులు వేసుకున్నాం.

ఒకసారి చేతి రక్షణ పాఠంలో సారు "జీడి గింజ కొట్టేవాళ్లు గ్లవుజులు వాడాలి" అన్నాడు. జీడి తొక్కలో ఉండే నూనె వేళ్లను కాల్చేస్తుంది, చర్మం నల్లబడి పెచ్చులూడుతుంది. పెద్దాయన లేచి మర్యాదగా అన్నాడు: "గ్లవుజులేసుకుంటే పట్టు తెలవదండీ, పప్పు ముక్కలైపోద్ది. గుండుకి ఒక రేటు, ముక్కకి ఒక రేటు. ముక్కలైతే ఆడోళ్లకి కూలీ కోత పడుద్ది. అందుకని ఆముదం రాసుకుంటారండి." సారు కాసేపు ఆగి, "మంచి పాయింటు. కానీ పరీక్షలో గ్లవుజులనే రాయండి" అన్నాడు. మేం రాసుకున్నాం. ఆముదం అని రాసుకున్నవాడు ఎవడూ లేడు.

నీ లెక్కల గొప్పతనం గురించి చెప్పకపోతే కళ్లుపోతాయి. బరువులెత్తడానికి అమెరికావాళ్ల సమీకరణం ఒకటుంది, 1991లో సవరించింది. అన్నీ అనుకూలిస్తే ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. బరువు ఒంటికి దూరంగా ఉంటే కోత, నేల మీంచి ఎత్తితే కోత, ఒళ్లు తిప్పితే కోత, గబగబా ఎత్తితే కోత, పట్టుకోవడానికి పిడి లేకపోతే కోత. రెండు రాత్రులు కూర్చుని, అదే, పడుకుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఊరికే పోకూడదని ఒక శనివారం తెనాలిలో ఒక రైసుమిల్లు వాకిట్లో లారీ దగ్గర నిలబడ్డాను. మనకు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మద్దతు ధర చెప్పేటప్పుడు కూడా క్వింటాలుకింత, 75 కిలోల బస్తాకింత అని రెండు లెక్కలు చెబుతారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో జెనీవాలో మగమనిషి మోసే బరువుకు 55 కిలోల హద్దు పెట్టుకోమని సిఫారసు చేసింది. అది కూడా ఇటలీ వైద్యుడి వెనకే వస్తూ ఉంటుంది.

హమాలీ కొక్కెం బస్తాకు గుచ్చి, వెనక్కి తిరిగి, మెడ మీదికి ఎత్తించుకుని, పలక మీద నాలుగడుగులు వేసి లోపలికి పోయి వస్తున్నాడు. కొట్టేయాల్సిన కోతలన్నీ కొట్టేస్తే నా కాగితం మీద పది కిలోలు కూడా మిగల్లేదు. ఆ కాగితం ప్రకారం అతను పొద్దున తొమ్మిదింటికే పడిపోయి ఉండాలి. పదకొండయింది, టీ తాగుతున్నాడు. చెప్పాను, బస్తా సగం చేస్తే నడుముకు మంచిదని. గ్లాసు కింద పెట్టి అన్నాడు, "బస్తా సగం చేత్తే ఇచ్చేదీ సగం చేత్తారు గదండీ. అప్పుడు రెండుసార్లు తిరగాలి. మీ పొత్తకంలో దానికేం రాశారు?"

పుస్తకంలో దానికేం రాయలేదు. మనిషి నడుముకు సూత్రం రాశారు, బస్తాకు కట్టే కూలికి రాయలేదు. ఎర్గోనామిక్స్ జోలికి పోకుండా బస్తా బరువు మార్చగలిగినవాడు మన దేశంలో ఒక్కడే, పన్నులవాడు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకింగుకు జీఎస్టీ వేస్తే, మన వ్యాపారులు పొద్దుగూకేలోపే 26 కిలోల సంచులు కుట్టించారు. నడుం కోసం కిలో తగ్గలేదు గాని, పన్ను కోసం కిలో పెరిగింది.

ఇక ప్రాజెక్టు పని. డిప్లొమాకు ఒక పని స్థలాన్ని చూసి నివేదిక రాయాలన్నావు. నాకు ఉత్సాహం పొంగింది. చూడటానికి ఎక్కడికో పోవడమెందుకు, నా కుర్చీ లోంచి అద్దం అవతలే ఉందిగా!

మా షెడ్డులో రొయ్యలు ఒలిచేది ఆడవాళ్లే. పొడవాటి స్టీలు బల్లలకు అటూ ఇటూ నిలబడతారు. ముందు ఐసులో రొయ్య. ఎడమచేత్తో పట్టి, కుడి బొటనవేలు గోరు మెడ దగ్గర పెట్టి ఒక నొక్కు, ఒక తిప్పు, తల వచ్చేస్తుంది. ఇంకో లాగుడుకు పొట్టు. కళ్లు బల్ల మీద ఉండవు, పక్కావిడతో మాటల్లో ఉంటాయి. చేతులకే కళ్లున్నాయి. నూరు కౌంటు రొయ్యంటే కిలోకు నూరు. నలభై కిలోలు ఒలిస్తే నాలుగు వేల తలలు, నాలుగు వేల నొక్కులు, ఒకే బొటనవేలితో. కూలి కిలోకింతని. కింద నేల ఎప్పుడూ తడే. గంటకోసారి గొట్టంతో కడుగుతారు, ఆ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. రొయ్య మంచుకు చల్లబడాలి, చెయ్యి చల్లబడకూడదు. ఈ రెండూ ఒకే బల్ల మీద ఎలా కుదురుతాయో ఆ బల్ల చేయించినవాళ్లకే తెలియాలి. అమెరికా కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చినవాళ్లు రొయ్య ఉష్ణోగ్రత మూడుచోట్ల కొలుస్తారు. వేళ్లది కొలవగా నేను చూడలేదు.

అరవై దగ్గరపడ్డ ఒక ముసలావిడ దగ్గరికి నోటుబుక్కుతో వెళ్లాను. "పెద్దమ్మా, చేతులెప్పుడు తిమ్మిరెక్కుతాయి?" అని అడిగాను.

"ఎప్పుడు ఎక్కవో అడుగు బాబూ, అది చెప్పటం తేలిక."

"రాత్రిపూట నొప్పి ఉంటదా?"

"జడేసుకోటం మానేశాను. ముడే. వేళ్లు వంగవు." నా పుస్తకం వంక చూసి, "నీ సదువైపోతే మాకు కుర్చీలేయిస్తావా?" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడు కిందికి చూస్తే ఆవిడ పాదాల కింద థర్మోకోల్ పెట్టె మూత ఒకటుంది. విరిగిన ఐసు పెట్టె మూతను తిరగేసి దాని మీద నిలబడింది. చల్లటి నేల తగలకుండా, నీళ్లు పారుతున్నా పాదం మునగకుండా, బల్ల నడుం ఎత్తుకు అందేలా, మూడు పనులూ ఒక్క చెత్త ముక్కతో అయ్యాయి. ఆ వరసలో అందరి కిందా మూతలే. నా నాలుగు కిలోల ఎనిమిది వందల్లో పాదాల పీట గురించి ఒక బొమ్మ, రెండు కొలతలు ఉన్నాయి గాని ఇంత సుళువు లేదు. ఆవిడకు డిప్లొమా ఇవ్వాలి నిజానికి. కానీ ఆవిడ దగ్గర డిగ్రీ మార్కుల జాబితా లేదు, చేరడానికి అర్హత లేదు.

ఇదంతా రాసి నా గైడుకు వాట్సాప్‌లో పంపాను. ఆయనా దూరంగానే ఉంటాడు, నేనెప్పుడూ చూడలేదు. జవాబు నాలుగు రోజులకు వచ్చింది. సంస్థ లెటర్‌హెడ్ మీద అనుమతి పత్రం ఉందా? లేదు. యజమానిని అడిగితే "రాసుకో, కానీ రొయ్యలని రాయొద్దు, ఆడవాళ్లని రాయొద్దు, మంచి మంచి ఫొటోలు పెట్టు" అన్నాడు. మేలు చేస్తున్నట్టు గైడు ఇంకో దారి చూపించాడు: "కార్యాలయంలో కంప్యూటరు వద్ద కూర్చునే భంగిమ" మీద రాయి, ఇబ్బంది ఉండదు. నిజమే, ఉండలేదు. నా కుర్చీ గురించి నేనే రాశాను, నా ఫొటో నేనే పెట్టాను. సర్వేకు నలుగురు కావాలంటే మేనేజరును, డ్రైవరును, ఐసు లారీ గుమస్తాను కూర్చోబెట్టాను.

మా బ్యాచీలో మిగతావాళ్లకు ఈ శ్రమ కూడా లేదు. బస్టాండు దగ్గర జెరాక్సు షాపులో తయారు ప్రాజెక్టులు దొరుకుతాయి, స్పైరల్ బైండింగుతో సహా. పేరు మార్చి ఇస్తారు. ఒకాయన కొన్నది చెన్నైలో ఏదో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ మీదది. అట్ట మీద "పొన్నూరు" అని మార్చారు గాని పదిహేడో పేజీలో "శ్రీపెరంబుదూరు ప్లాంటులోని వెల్డర్లు" అలాగే ఉండిపోయారు. పొన్నూరులో వెల్డర్లు లేరా, ఉన్నారు. అందుకే ఆయనకు నూటికి డెబ్భై నాలుగు.

తల్లీ, నీ సిలబస్‌లో ఏం లేదని? 1984 భోపాల్ ఉంది. చెర్నోబిల్ ఉంది. సముద్రాల అవతల చమురు బావుల మంటలున్నాయి. రసాయనాలు ఎలా నిల్వ చేయాలో, మనుషులు పడుకునే చోటికి ఎంత ఎడం ఉండాలో ఒక యూనిట్టంతా ఉంది. లంకెవానిదిబ్బ లేదు. అది రేపల్లె మండలంలోనే. 2021 జూలై ఆఖరున అక్కడి రొయ్యల చెరువుల దగ్గర పనికి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు రాత్రి షెడ్డులో పడుకుని తెల్లారేసరికి బతికిలేరు. చెరువులకు చల్లే మందులు, బ్లీచింగు పొడి పెట్టిన చోటే వాళ్ల పడక. కరెంటు అన్నారు, మందులకు నిప్పంటుకుందన్నారు. భాష రాని ఊళ్లో ఆరు ప్రాణాలు పోయాయి. మా ప్యాసింజరు ఆ వారం కూడా వేళకే నడిచింది. నా తరగతిలో ఒక్క ఆదివారం కూడా ఆ పేరు వినలేదు. దగ్గర్లో జరిగింది దూరవిద్యలో ఎలా వస్తుంది?

2025 ఆగస్టు 3న బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో రాళ్లు విరిగిపడి ఇంకో ఆరుగురు పోయారు. వాళ్లూ ఒడిశావాళ్లే.

చట్టం కూడా నీ చెల్లెలే అనిపిస్తుంది నాకు. అదీ దూరం పాటిస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన, పని భద్రత, ఆరోగ్యాల కొత్త కోడ్‌లో అది ఇరవై, నలభై అయింది. చెరువు గట్టు మీద ఆరుగురు పాతదానికీ అందరు, కొత్తదానికీ అందరు. వెయ్యిమంది ఉన్న ఫ్యాక్టరీకి ఒక సేఫ్టీ ఆఫీసరన్నది పాతమాట, అయిదు వందలకు అన్నది కొత్తమాట. ఇది మంచిదే, మెచ్చుకోవాలి. తెనాలి రైసుమిల్లులో, దుగ్గిరాల పసుపు కొట్లలో, వేటపాలెం జీడిపప్పు కార్ఖానాల్లో అయిదు వందలమందిని నాకు చూపించినవాడికి నా డిప్లొమా రాసిచ్చేస్తాను. అందుకే మా బ్యాచీలో కుర్రాళ్లంతా పాస్‌పోర్టులు పెట్టుకున్నారు. దుబాయిలోనో ఖతర్‌లోనో హెల్మెట్టు పెట్టుకుని ఎవడి భద్రతో చూస్తారు. నీ చదువు ఇక్కడ చదవాలి, అక్కడ పనికి రావాలి. అదీ దూరవిద్యంటే.

పాత చట్టంలో 44వ సెక్షను నాకు చాలా ఇష్టం. నిలబడి పనిచేయాల్సినవాళ్లకు, పని మధ్యలో కాస్త ఆగే వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాట్లు ఉండాలంది. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కిలోకింతని కూలి ఉన్నచోట ఆ వీలు ఎవరికి దొరుకుతుంది? దొరకదని చట్టానికి తెలుసు, అందుకే ధైర్యంగా ఇచ్చింది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో బట్టల కొట్లలో నిలబడే అమ్మాయిలకు కూడా కూర్చునే హక్కు రాసిచ్చాయి. తెనాలిలో పండగ ముందు ఏ బట్టల షాపుకైనా వెళ్లండి, చీరలు మడిచే అమ్మాయి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఎన్నిసార్లు మారుతుందో లెక్కపెట్టండి.

నాకు డిప్లొమా వచ్చిందని తెలిసి మా యజమాని ఎంతో సంతోషించాడు. స్వీటు పెట్టాడు. "సేఫ్టీ ఇన్‌ఛార్జి" అని నా పేరు అచ్చువేసిన కార్డు ఇచ్చాడు. జీతం పెంచలేదు, నా లెక్కల పని తగ్గించలేదు. నేను చేయాల్సిందల్లా తనిఖీ వచ్చినప్పుడు ఎదురువెళ్లడం. పట్టా లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. పక్కనే ప్రథమ చికిత్స పెట్టె, దానికి తాళం. తాళంచెవి మేనేజరు దగ్గర. మేనేజరు గుంటూరులో.

మార్చి 4న జాతీయ భద్రతా దినం. ఫ్లెక్సీ నేనే రాయించాను, "ఎత్తులో పనిచేసేటప్పుడు సేఫ్టీ బెల్టు తప్పనిసరి" అని. కట్టడానికి నిచ్చెన లేదు. బల్ల తెచ్చారు, బల్ల మీద ప్లాస్టిక్ స్టూలు, స్టూలు మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు. కింద నేల తడి. ఇద్దరు బల్ల పట్టుకున్నారు, నేను స్టూలు పట్టుకున్నాను. కుర్రాడు పంటితో తాడు పట్టుకుని పైకి చూస్తూ "అన్నా, అక్షరాలు నిటారుగా ఉన్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఆ తర్వాత అందరం చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేశాం. ముసలావిడ కూడా చాపింది, వేళ్లు పూర్తిగా చాపలేకపోయింది. ఫొటోలో మాత్రం బాగానే పడింది.

పరీక్ష సంగతి చెప్పలేదు కదూ. మళ్లీ బాపట్లే, మళ్లీ ఎనిమిదో తరగతి బెంచీలే, మూడు గంటలు. మొదటి ప్రశ్న: "కూర్చుని పనిచేయువారికి అనువైన భంగిమను పటము సహాయముతో వివరింపుము." బల్ల పొట్ట కిందికి ఉంది. వీపు కొడవలిలా వంచి, కుడి భుజం చెవికి తగిలించి, "వెన్నెముక నిటారుగా ఉండవలెను" అని రాశాను. పటం గీశాను. పటంలో మనిషి నవ్వుతూ కూర్చున్నాడు. పదికి ఏడు ఇచ్చావు తల్లీ. ఆ తగ్గిన మూడూ ఎందుకు తగ్గాయో నాకు తెలుసు, మోచేతి కోణం సరిగా రాలేదు. గదిలో ఆ కోణం చూసి గీయడానికి ఎవరి మోచేయీ అలా లేదు.

కొత్త బ్యాచీకి ప్రవేశాలు తెరిచారు. పుస్తకాలు ఇంటికే వస్తాయి. ఆదివారాలు బాపట్లలో తరగతులు, గది అదే, బెంచీలు అవే. చేరేవాళ్లు దిండు తెచ్చుకోండి.